ఇద్దరు కొడుకుల మాత్రలు

కుప్పంలో డాక్టరు "ఇంకేమన్నా మాత్రలు వాడుతోందా?" అని అడిగినప్పుడు, మా అవ్వ అప్పటికే వాడుతున్న మాత్రల అట్ట నా ఒళ్లో ఉన్న అవ్వ సంచిలోనే ఉంది. మా చిన్నాయన "ఏం లేవు సార్" అన్నాడు. నేను నోరు తెరవలేదు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటు నాకు. ఆ రోజు పేజీలో కూడా "డాక్టరు నిదానంగా చూశాడు, ఆసుపత్రిలో రద్దీ" అని మాత్రమే రాసుకున్నాను.

మాది పుంగనూరు దగ్గర పల్లె. నాయనకు నాలుగు ఆవులు, కొంచెం టమాటా తోట ఉన్నాయి. చిన్నాయన కుప్పంలో మోటార్లు రీవైండింగ్ చేసే షాపు నడుపుతాడు. తాత పోయినప్పటి నుంచి అవ్వ ఒక నెల మా ఇంట్లో, ఒక నెల చిన్నాయన ఇంట్లో ఉంటుంది. మా వైపు దీన్ని వంతు అంటారు. వినేవాళ్లకు కష్టంగా తోస్తుందేమో గానీ అవ్వ మాత్రం "నాకు రెండిండ్లు" అని గొప్పగా చెప్పుకునేది. నెల మారే రోజు ఆమెను బస్సులో దిగబెట్టి రావడం నా పని. డిగ్రీ అయిపోయి, పోటీ పరీక్షలకు చదువుతూ ఇంట్లోనే ఉన్నాను కాబట్టి ఆ పని నాకు పడింది.

అవ్వకు ఒక నియమం ఉంది. ఒక కొడుకు ఇంట్లో మాట ఇంకో కొడుకు ఇంట్లో చెప్పదు. ఏం వండారు, ఎవరు వచ్చారు, ఎవరికి ఏం కొన్నారు, ఏదీ చెప్పదు. నాకూ అదే నేర్పింది.

"మే, ఈడి మాట ఆడ పెట్టగూడదు. రెండిండ్లూ మిగలల్లంటే మనం నోరు కట్టుకోవల్ల" అనేది.

నాకు నోరు కట్టుకోవడం కొత్తగా నేర్చుకోవలసిన పని కాదు. కొత్తవాళ్ల ముందు నాకు మాట రాదు. చెప్పవలసింది గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటాను.

మా ఇంట్లో ఉన్న నెలలో అవ్వకు గుండె దడ వచ్చింది. నాయన మదనపల్లెకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు అటెనొలాల్ అనే మాత్ర రాశాడు. "ఇది గుండె వేగం తగ్గించే మాత్రమ్మా. రోజుకు ఒకటే. మీ అంతట మీరు ఆపొద్దు, పెంచొద్దు" అని రెండుసార్లు చెప్పాడు. అవ్వకు దడ తగ్గింది. నెల మారింది. ప్రయాణంలో మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతుందని అవ్వ రెండు రోజులు మానేసింది. కుప్పంలో దిగిన మరునాటికి దడ మళ్లీ మొదలైంది. చిన్నాయన కంగారుపడి, షాపు మూసేసి, తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ వెంట వెళ్లాను.

ఆ డాక్టరు పల్స్ చూశాడు, బీపీ చూశాడు. అడగవలసిన ప్రశ్న అడిగాడు. చిన్నాయనకు మదనపల్లె సంగతి నిజంగానే తెలియదు. ఎవరూ చెప్పలేదు. అవ్వ గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చుంది. నేను సంచి జిప్పు మీద వేలు పెట్టాను. ఇప్పుడు తీస్తే, అన్న మందు ఇప్పించిన మాట తమ్ముడికి డాక్టరు ముందు తెలుస్తుంది. చిన్నాయన చిన్నబోతాడు, అవ్వకు కోపం వస్తుంది. ఇవన్నీ అప్పుడే ఆలోచించానా, తర్వాత నాకు నేను చెప్పుకున్నానా అనేది ఇప్పుడు తెలియడం లేదు. జిప్పు మాత్రం తీయలేదు. డాక్టరు మెటొప్రొలాల్ అనే మాత్ర, పొద్దునొకటి సాయంత్రమొకటి, రాసిచ్చాడు.

ఆ సాయంత్రం అవ్వ తన వక్కాకు సంచిలోంచి మదనపల్లె అట్ట తీసి ఒకటి, చిన్నమ్మ ఇచ్చిన కొత్త అట్టలోంచి ఒకటి, అరచేతిలో పెట్టుకుంది.

"రెండూ వేసుకోవచ్చో లేదో అడిగితే బాగుంటుంది అవ్వా" అన్నాను.

"ఎవురిని అడుగుతావు మే నువ్వు? బస్సులో దిగల్లని కండక్టరుకు చెప్పనీకే నోరు రాదు నీకు." నవ్వి రెండూ మింగింది. "పెద్దోడు ఇప్పిచ్చింది మానుకుంటే వానికి బాధ. చిన్నోడు ఇప్పిచ్చింది మానుకుంటే వీనికి బాధ. రెండూ మింగితే ఎవురికీ బాధ లేదు."

నేను మరుసటి రోజు పుంగనూరు బస్సెక్కాను.

నెల తిరిగి అవ్వ మా ఇంటికి వచ్చేసరికి మనిషి మందగించి ఉంది. నాలుగడుగులు వేస్తే కూర్చునేది. చేతులు చల్లగా ఉండేవి. పగలంతా కునుకు తీసేది. ఏదన్నా అడిగితే కొంచెం ఆగి జవాబు చెప్పేది. "కాళ్లల్లో సత్తువ లేదు మే" అనేది. అమ్మ "వయసైంది కదా" అంది. నేనూ వయసే అనుకున్నాను. అట్లా అనుకోవడం సులువు. మా ఇంట్లో అమ్మ మదనపల్లె మాత్ర ఇచ్చేది. కుప్పం మాత్రలు అవ్వ వక్కాకు సంచిలోంచి తనే వేసుకునేది. నేను చూసేదాన్ని.

ఆ తర్వాతి వారం రెండు రోజులు అవ్వకు బేదులయ్యాయి. మజ్జిగ, గంజి తాగి కొంచెం తేరుకుంది. మూడో రోజు పొద్దున, వద్దంటే వినకుండా, పాలు పితకడానికి కూర్చుంది. నేను కుడితి తొట్టి దగ్గర ఉన్నాను. బొక్కెనలో పాల చప్పుడు వినిపిస్తూ ఉన్నది ఆగిపోయింది. తిరిగి చూస్తే అవ్వ ఆవు డొక్కకు తల ఆనించి కూర్చుని ఉంది. వేళ్లు పొదుగు మీదే ఉన్నాయి, కదలడం లేదు. ఆవు కూడా కదలకుండా నిలబడి ఉంది.

"అవ్వా!"

"కండ్లకు చీకట్లు కమ్ముతాండాయి మే" అంది, చాలా నిదానంగా. "మాత్ర సాల్లేదేమో. పొద్దున ఇంగొక్కొక్కటి ఏసుకుంటి."

అంటే ఆ పొద్దున అటెనొలాల్ రెండు, మెటొప్రొలాల్ రెండు. ఒంట్లో శక్తి లేదని, ఆ శక్తిని తీస్తున్న మాత్రనే ఎక్కువ వేసుకుంది. మణికట్టు పట్టుకున్నాను. ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ ఎప్పుడు కొట్టుకుంటుందా అని ఎదురుచూడవలసి వచ్చింది.

నాయన ఆటో తెచ్చాడు. పుంగనూరు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు, చిన్న వయసు ఆమె, వేలికి పెట్టిన క్లిప్పు చూసి నమ్మక, మళ్లీ చేత్తో పట్టుకుని లెక్కపెట్టింది. "పల్స్ ముప్పై నాలుగు. బీపీ డెబ్బై. సిస్టర్, ఈసీజీ!" కాగితం బయటికి వచ్చింది. దాని మీద గీతలు ఒకదానికొకటి చాలా దూరంగా ఉన్నాయి. అట్రోపిన్ ఇంజెక్షన్ చేశారు. పల్స్ నలభై ఆరుకు లేచింది. నాయన "దేవుడా" అని గోడకు ఆనుకున్నాడు. పది నిమిషాల్లో మళ్లీ ముప్పై ఆరుకు దిగింది.

"ఇక్కడ పెట్టుకునే కేసు కాదప్పా. మదనపల్లెకు పోండి. నేను ఫోన్ చేసి చెప్తాను" అంది డాక్టరు.

అంబులెన్సులో టెక్నీషియన్ అవ్వను నిద్రపోనివ్వకుండా పలకరిస్తూనే ఉన్నాడు. "అవ్వా, కండ్లు తెరు. నీ పేరేంది?"

"నా పేరు నీకెందుకప్పా. నీ పని నువ్వు సూడు."

నవ్వు రావలసిన మాట. మాకు ఎవరికీ రాలేదు. అతనే నవ్వి, "మాట్లాడుతాంది, మంచిదే" అన్నాడు.

మదనపల్లె ఆసుపత్రిలో నేరుగా ఐసీయూకు తీసుకుపోయారు. కార్డియాలజీ డాక్టరు బయటికొచ్చి నాయనను అడిగాడు. "ఏం మాత్రలు వాడుతోంది?"

"అటెనొలాల్ సార్. అదొకటే."

ఈసారి నేను ఆగలేదు. మాట్లాడానని కాదు. ఇంటి నుంచి అవ్వ వక్కాకు సంచి వెంట తెచ్చుకున్నాను. అందులోంచి రెండు అట్టలూ తీసి, ఆ పొద్దున వేసుకున్న రెండేసి మాత్రల ఖాళీలు వేలితో చూపిస్తూ డాక్టరు చేతిలో పెట్టాను. ఆయన వాటిని వెలుతురు వైపు తిప్పి, వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివాడు.

"ఈ రెండూ అన్నదమ్ములే. పేర్లు వేరు, పని ఒకటే. రెండూ గుండె వేగాన్ని తగ్గించేవే" అన్నాడు. "బేదులయ్యాయంటున్నారు కదా. ఒంట్లో నీళ్లు తగ్గి కిడ్నీలు మందగించాయి. క్రియాటినిన్ ఎక్కువుంది. అటెనొలాల్ కిడ్నీల నుంచే బయటికి పోవాలి. పోలేక లోపల పేరుకుంది. దాని మీద ఈ పొద్దు ఎక్స్‌ట్రా వేసుకుంది. ఓవర్‌డోస్ అంటే పిడికెడు మింగడమే కాదు. ఇట్లా కూడా వస్తుంది."

గ్లూకగాన్ అనే మందు కావాలన్నారు. అది దగ్గర లేదు, వేరే చోటి నుంచి తెప్పిస్తామన్నారు. ఆలోపు కాల్షియం, ఇంకేదో బీపీ పెంచే డ్రిప్పు పెట్టారు. షుగర్ జబ్బే లేని మనిషికి ఇన్సులిన్ ఎక్కిస్తూ, పక్కనే గ్లూకోజు ఎక్కిస్తున్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. అడగలేదు. అరగంటకొకసారి వేలు పొడిచి షుగర్ చూస్తున్న సిస్టర్ నా మొహం చూసి తనే చెప్పింది. "బలహీనమైన గుండెకు అది తిండి మాదిరమ్మా. షుగర్ పడిపోకుండా గ్లూకోజు." ఆ సిస్టరుకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. అడగలేని వాళ్లకు అడగకుండా చెప్పే మనుషులు తక్కువ.

మధ్యాహ్నానికి పల్స్ ముప్పైకి వచ్చింది. మెడ దగ్గరి నరంలోంచి తీగ పంపి టెంపరరీ పేస్‌మేకర్ పెట్టారు. తలుపు అద్దంలోంచి మోనిటర్ కనిపించేది. డెబ్బై. డెబ్బై. డెబ్బై. అది అవ్వ గుండె కాదు, మంచం పక్కనున్న పేస్‌మేకర్ డబ్బా చెప్పినట్టు కొట్టుకుంటున్న గుండె.

చిన్నాయన కుప్పం నుంచి చేతులకు గ్రీజుతోనే వచ్చాడు. ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీల దగ్గర అన్నదమ్ములకు మాటామాటా పెరిగింది.

"ఏం డాక్టర్రా నీ డాక్టరు? ఉండే మందు మింద ఇంగో మందు ఇస్తాడా?" అన్నాడు నాయన.

"నువ్వు మదనపల్లెలో సూపిచ్చినట్ల నాకు సెప్తివా? ఒక్క ఫోన్ చేస్తివా? అమ్మకు గుండె జబ్బుంటే నాకు తెలియగూడదా?"

"నువ్వు అడిగితివా?"

"ఆయన అడిగినాడన్నా! నన్నే అడిగినాడు. నేనే ఏం లేవంటి." చిన్నాయన గ్రీజు చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. నా వైపు తిరిగాడు. "ఆ పొద్దు నువ్వూ ఉంటివి కదమ్మా. ఈ అట్ట సంచిలో ఉండిందా? నీకేమన్నా తెలుసునా?"

నేను తల అడ్డంగా ఊపాను.

ఆయన నమ్మాడు. "పాపం పసిపిల్ల, దానికేం తెలుస్తాది" అన్నాడు. నాకు ఇరవై మూడేళ్లు.

రెండో రోజు అవ్వకు మతి తప్పినట్టయింది. ఆవులను పేరుపేరునా పిలిచింది. మెడ దగ్గరి తీగను తాడనుకుని లాగబోయింది. చేతులను మెత్తటి గుడ్డతో మంచానికి కట్టారు. పది నిమిషాలే లోపలికి రానిచ్చేవారు. ఆ పది నిమిషాలూ నేను ఆ చేతుల వైపు చూడకుండా పాదాలు పట్టుకుని నిలబడేదాన్ని. మూడో రోజు డాక్టరు పేస్‌మేకర్ వేగం తగ్గించి చూశాడు. అవ్వ గుండె తనంతట తాను యాభై ఎనిమిది కొట్టుకుంది. నాయన పాల సొసైటీ వాళ్లకు కూడా ఫోన్ చేసి చెప్పాడు. మధ్యాహ్నం అది మళ్లీ ముప్పై ఎనిమిదికి పడిపోయింది. డబ్బా వేగం పెంచారు.

"ఇంకో రెండు రోజులు చూద్దాం. ఒంట్లోంచి మందు పోయేకొద్దీ గుండె లేవాలి. లేవకపోతే పర్మనెంట్ పేస్‌మేకర్ గురించి మాట్లాడాలి" అన్నాడు డాక్టరు.

ఆ రెండు రోజుల గురించి డైరీలో ఏమీ లేదు. పుస్తకం సంచిలో ఉంది, పెన్ను ఉంది. రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యం కుప్పం డాక్టరు గది నుంచే మొదలు కావాలి. అందుకని రాయలేదు. కుర్చీలో కూర్చుని కాఫీ తాగడం, లేవడం, అద్దంలోంచి చూడడం, మళ్లీ కూర్చోవడం. అలసట అంటే నిద్ర లేకపోవడం అనుకునేదాన్ని. ఒక మాటను లోపల పట్టుకుని కూర్చోవడం అంతకన్నా ఎక్కువ అలసట.

ఐదో రోజు పొద్దున సిస్టర్ తలుపు తీసి, "రామ్మా, మీ అవ్వ నిన్ను తిడతాండాది" అంది. లోపలికి వెళ్లాను. డబ్బా ఆపి రెండు గంటలైందట. మోనిటర్ మీద అరవై నాలుగు. అరవై ఒకటి. అరవై ఆరు. అంకెలు మారుతూ ఉన్నాయి. డెబ్బై, డెబ్బై అనడం లేదు. అది అవ్వ సొంత గుండె.

"యాడికి పోయింటివి మే? నా వక్కాకు సంచి ఎవురు తీసిరి?" అంది.

తొమ్మిదో రోజు ఇంటికి వచ్చాం. కోలుకోవడం అనే మాట వినడానికి బాగుంటుంది గానీ అది నెలల పని. మెడ దగ్గరి గాయం మానింది. కిడ్నీలు నెల రోజులకు దారికొచ్చాయి. మూడు నెలలు అవ్వ గోడ పట్టుకునే నడిచింది. ఇప్పుడు ఒక్క డాక్టరే చూస్తాడు. గుండె వేగం తగ్గించే మాత్ర ఒకటే, అదీ చిన్న డోసు. దడ మళ్లీ రాకుండా అది కావాలట. రోజూ పొద్దున నేను గడియారం పెట్టుకుని నిమిషం పాటు నాడి లెక్కపెడతాను. యాభై కన్నా తగ్గితే మాత్ర ఇవ్వకుండా ముందు ఫోన్ చేయమన్నాడు డాక్టరు. ఇంతవరకు తగ్గలేదు. అవ్వ పాలు పితకడం లేదు. పితికే వాళ్లకు వంకలు పెడుతూ పక్కన కూర్చుంటుంది.

వంతు మాత్రం ఆగిపోయింది. ఆపింది చిన్నాయనే. "నా కాడ వద్దులే అన్నా. నాకు భయం" అన్నాడట నాయనతో. పండ్లు, హార్లిక్స్ ఎవరితోనైనా పంపిస్తాడు. తను రాడు. వచ్చిన ఒక్కసారీ వాకిట్లోనే నిలబడి, అవ్వను చూడకుండా, పని ఉందని బస్సుకు వెళ్లిపోయాడు. అవ్వ ఆ రోజు అన్నం ముట్టలేదు. "నాకు రెండిండ్లు" అనే మాట ఆమె నోట విని ఆరు నెలలు దాటింది.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఇంట్లో పెద్దవాళ్లలో ఎవరు వాడే మాత్రలైనా, అన్ని అట్టలూ ఒకే సంచిలో వేసి, ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు బల్ల మీద పెట్టండి. పక్కనున్నవాళ్లు "ఏం లేవు" అని చెప్పినా సరే పెట్టండి. మాట్లాడటం రాకపోతే మాట్లాడనక్కర్లేదు. సంచి బల్ల మీద పెడితే చాలు.

దీన్ని ఇక్కడి దాకా రాసి, పత్రికకు పంపే ముందు అవ్వకు చదివి వినిపించాను. ఆమె గుండె గురించి రాసింది కాబట్టి ముందు ఆమెకు తెలియాలని అనిపించింది. నిన్న పొద్దున, వరండాలో. మొదటి పేరా చదివాక ఆగాను. అవ్వ చదవమన్నట్టు చెయ్యి ఊపింది. చిన్నాయన ముందు నేను తల అడ్డంగా ఊపిన చోట కాగితం మీంచి కళ్లెత్తకుండా చదివాను. అంతా అయిపోయాక అవ్వ వక్క నోట్లో వేసుకుంది. కోపమొచ్చిందా అని అడిగాను. పక్కనున్న నా ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

"చిన్నోనికి చెయ్. నేను సెప్పేది గాదు ఇది, నువ్వే సెప్పల్ల. అరుస్తాడు. అరవనీ. అరిసినాకన్నా ఈడికొచ్చి ఒక పూట అన్నం తిని పోతాడు."